దొంగ ఊపిరి

కంకిపాడులో డేనియల్ గొంతు తెలియనివాళ్లు తక్కువ. అతను పాట అందుకున్నాడంటే చర్చిలో చివరి బల్ల మీద కునుకు తీస్తున్న పెద్దలు కూడా సర్దుకుని కూర్చుంటారు. పాడకపోయినా అతని చప్పుడు లేకుండా ఊళ్లో ఏ పనీ జరగదు. పెళ్లికైనా, పార్టీ మీటింగుకైనా, క్రిస్మస్‌కైనా మైకు సెట్టు అతని షాపు నుంచే రావాలి. రోడ్డు మీదకున్న ముందుగది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. నలభై దాటినా జలుబు కూడా చెయ్యని ఒళ్లు. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అతనే చెబుతూ ఉంటాడు.

అన్నిటికంటే పెద్ద గర్వం ఊపిరి మీద. అతను నడిపే చర్చి క్వయర్‌లో చేరిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ అతను చెప్పే మొదటి పాఠం దొంగ ఊపిరి. ఆ పేరు అతను పెట్టిందే. పాట మధ్యలో తాపీగా గాలి పీల్చుకుంటూ కూర్చుంటే వినేవాడికి తెలిసిపోతుంది. అందుకని మాటకీ మాటకీ మధ్య, రెప్ప వేసేలోపల, నోరు రవ్వంత తెరిచి గాలిని గబుక్కున లాగేసి వెంటనే తర్వాతి మాట ఎత్తుకోవాలి. భుజం కదలకూడదు, చప్పుడు రాకూడదు. "దొంగతనం చేసినట్టు దేవుడికి తప్ప ఎవడికీ తెలీకూడదు" అనేవాడు. పాస్టరు గారికి ఆ పోలిక నచ్చేది కాదు గానీ పాట నచ్చేది కాబట్టి ఊరుకునేవారు.

ఆ విద్యని అందరికంటే బాగా పట్టుకున్నది అతని కూతురు కీర్తన. మాటలు పూర్తిగా రాకముందే దొంగ ఊపిరి వచ్చేసిందని తల్లి దీవెన నవ్వేది. ఆ పిల్ల పాడుతుంటే ఎక్కడ గాలి తీసుకుందో డేనియల్ చెవికే ఒక్కోసారి దొరికేది కాదు. అప్పుడతని ముఖం చూడాలి, లాటరీ తగిలినవాడికి కూడా అంత వెలుగుండదు.

కీర్తన హైస్కూల్లో ఉండగా ఉబ్బసం పట్టుకుంది. వరి కోతలప్పుడు ఊకదుమ్ముకి దగ్గు మొదలయ్యేది, తర్వాత రొమ్ములో పిల్లికూతలు. గవర్నర్‌పేటలో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించారు. ఆయన రోజూ పీల్చమని ఇన్‌హేలరు రాశాడు. దాని మూతికి తగిలించుకోవడానికి పొడుగాటి గొట్టం ఒకటి ఇచ్చి, ఎలా వాడాలో చూపించమని నర్సుకి చెప్పాడు. నర్సు మొదలుపెట్టిందో లేదో డేనియల్ అడ్డుపడ్డాడు.

"ఊపిరి సంగతి మా అమ్మాయికి చెప్పక్కర్లేదండీ. మేం పాటగాళ్లం."

నర్సుకి బయట జనం ఎక్కువున్నారు. సరేనని పంపేసింది. గొట్టం చూస్తే కీర్తనకి సిగ్గు, బడికి పట్టుకెళ్తే అందరూ నవ్వుతారని. అది బీరువా మీదకెక్కింది. గొట్టం లేకుండా ఇన్‌హేలరు పంపు ఒక్కటే నోట్లో పెట్టుకుని పీల్చేది.

నెలలు గడిచినా పిల్లికూతలు తగ్గలేదు. పైగా గొంతు బొంగురుపోయింది. పై స్వరం అందుకోబోతే గీరినట్టు విరిగిపోయేది. ఆ ఏడు క్రిస్మస్‌కి ఆమె ఒక్కతే పాడవలసిన పాటని వేరే అమ్మాయికిచ్చారు. ఆ అమ్మాయి పాడుతున్నంతసేపూ కీర్తన మూడో వరసలో నిలబడి పెదాలు మాత్రం కదిపింది. డేనియల్ ఇంటికొచ్చి పంపు తీసి, కాలిపోయిన ఫ్యూజులు పడేసే సొరుగులో విసిరేశాడు. "పిల్ల గొంతు తినేసింది ఈ మందు. ఇక దీన్ని ముట్టుకోవద్దు." అలవాటైతే జన్మలో మానలేరని వీధిలో వాళ్లూ వీళ్లూ అన్న మాటలు దానికి తోడయ్యాయి. అతను ఒకసారి అన్నాడంటే ఆ ఇంట్లో అది ఖాయం.

ఇంటర్‌లో చేరిన ఏడాది, కోతల్లోనే, కాలేజీ నుంచి వస్తూ కీర్తన ఆటోలో కూలబడిపోయింది. ఒక మాట మొదలుపెడితే పూర్తిచెయ్యడానికి ఊపిరి చాలలేదు. పెదాలు నీలంగా మారాయి. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి గట్టెక్కించాక అక్కడి డాక్టరు అడిగాడు, ఇన్‌హేలరు వాడుతున్నారా అని.

"ఆ మందు మాకు పడదండీ" అన్నాడు డేనియల్.

"పడకపోటం కాదు, మీరు పడనివ్వట్లేదు. ఇలాగే వదిలేస్తే ఇంకోసారి ఇంత అదృష్టం ఉంటదని నేను చెప్పలేను."

ఆ మాటతో డేనియల్ రెండు భయాల మధ్య ఇరుక్కున్నాడు. మందు వాడితే గొంతు పోతుంది, ఒంట్లోకి చేరి ఇంకేం చేస్తుందో తెలియదు. వాడకపోతే పిల్లే పోతుంది. అతనికి ఎవరి మాటా నమ్మే అలవాటు లేదు. కొత్త మైకు కొంటే కంపెనీవాడు ఏం రాసినా చదవడు, ముందు తానే నోటి దగ్గర పెట్టుకుని చూసుకుంటాడు, తర్వాతే ఇంకొకరి చేతికిస్తాడు. ఈ మందుని కూడా అలాగే చూద్దామని సొరుగులోంచి తీసి ఒకసారి నోట్లోకి కొట్టుకున్నాడు. నాలుక మీద చేదు తగిలింది, దగ్గొచ్చింది. లోపల అది ఎటు పోయిందో ఎంత చెవి ఒగ్గినా తెలియలేదు.

సంక్రాంతి వెళ్లాక, పోరంకి దాటి లోపలికున్న ఒక మందుల పరిశోధన కేంద్రంలో స్పీకర్లు బిగించే పని వచ్చింది. అతను నిచ్చెన మీదుండగానే హాల్లో డాక్టర్ రామతులసి అనే ఆవిడ మైకు పట్టుకుని, వచ్చినవాళ్లకి సంగతి వివరించడం మొదలుపెట్టింది. ఉబ్బసానికి పీల్చే మందుని ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకిచ్చి, అది ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి ఎంత చేరుతుందో, ఎంత త్వరగా చేరుతుందో చూస్తారట. ఇష్టమైతేనే చేరవచ్చట, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు వెళ్లిపోవచ్చట. డేనియల్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆవిడ చెబుతున్నది కీర్తన వాడి మానేసిన మందే. తాను చెవి ఒగ్గినా వినపడనిది వినడానికి వీళ్ల దగ్గర యంత్రాలున్నాయన్నమాట. పని ముగించి కిందకి దిగి, "నేను పనికొస్తానాండీ?" అని అడిగాడు.

రక్తం చూశారు, ఎక్స్‌రే తీశారు, గొట్టంలోకి ఊదమన్నారు. అతను ఊదిన ఊదుడికి టెక్నీషియను కళ్లు పెద్దవి చేశాడు. డేనియల్ ఇంటికొచ్చి ఆ ముక్క దీవెనకి మూడు రకాలుగా చెప్పాడు.

"ఇదంతా ఎందుకండీ ఇప్పుడు?" అంది దీవెన.

"ముందు నా ఒంట్లోకి ఎక్కనీ. నాకేం కాకపోతే అప్పుడు పిల్లకిద్దాం."

"మీ ఒళ్లు మీది, దాని ఒళ్లు దానిది. ఆ ఆస్పత్రి డాక్టరు మాట వినకుండా ఈ ఎదురుచూపులేంటి?"

అతను వినలేదు. కూతురికి పెట్టే ప్రతి ముద్దా తానే ముందు రుచి చూడాలనుకునే మొండితనం అతనిది. అందులో ప్రేమ ఎంతుందో అహంకారమూ అంతే ఉంది, అది అతనికి మాత్రం కనిపించదు.

మందిచ్చేముందు పీల్చడం నేర్పడానికి పిలిచారు. మందు లేని ఉత్తి పంపు చేతికిచ్చి, సరిగ్గా పీలిస్తే పచ్చదీపం, తప్పితే ఎర్రదీపం వెలిగే చిన్న పరికరం తగిలించారు. డేనియల్ కాలరు సర్దుకుని కూర్చున్నాడు. పంపు నొక్కి తన పాతికేళ్ల విద్యంతా చూపించాడు. ఎర్రదీపం వెలిగింది.

"మళ్లీ" అంది రామతులసి.

మళ్లీ ఎర్రదీపమే. పక్క కుర్చీలో కానూరు నుంచొచ్చిన టైలరు ఒకడు, జన్మలో పాట ఎరగనివాడు, మొదటిసారికే పచ్చదీపం వెలిగించి సంబరంగా చూశాడు. డేనియల్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"మీ మిషను పాడైనట్టుందండీ. చూడండొకసారి."

"మిషను బాగానే ఉంది డేనియల్ గారూ. మీరు గాలిని లాక్కుంటున్నారు. అంత జోరుగా లాగితే మందు గొంతు దగ్గర మలుపు తిరగలేదు. నేరుగా వెళ్లి వెనక గోడకి కొట్టుకుని అక్కడే అంటుకుపోద్ది. నిదానంగా, పొడుగ్గా పీల్చాలి. పీల్చాక వెంటనే వదిలేస్తున్నారు కూడా. కాసేపు లోపల ఆపితేనే మందు కింద దాకా దిగి కుదురుకుంటది."

"చిన్నప్పట్నుంచీ నా ఊపిరింతేనండీ. మా పిల్లలందరికీ ఇదే నేర్పా."

"పాటకి బాగుంటదేమో. దీనికి పనికిరాదు."

"గొంతుకంటుకుంటే ఏవవుద్దండీ?"

"ఒక్కసారికేం కాదు. రోజూ వాడేవాళ్లకైతే గొంతు బొంగురుపోద్ది. పుక్కిలించి ఉమ్మెయ్యకపోతే ఇంకా ఎక్కువ. రొమ్ముకి చేరాల్సింది చేరదు కాబట్టి జబ్బూ తగ్గదు."

డేనియల్‌కి కీర్తన బొంగురు గొంతు గుర్తొచ్చింది. ఆవిడకి కీర్తన సంగతేమీ తెలియదు. అందరికీ చెప్పే మాటే చెప్పి, పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోయింది. అతను పంపు మళ్లీ చేతిలోకి తీసుకుని, పచ్చదీపం వెలిగేదాకా, వెలిగాక కూడా, ఆపకుండా సాధన చేశాడు.

ఇంటికెళ్లేసరికి కీర్తన షాపులో స్టూలు మీద కూర్చుని వైర్లు చుడుతోంది. మాటల మధ్య సన్నగా కూత వినిపిస్తూనే ఉంది.

"అమ్మా, ఆ పంపు నువ్వెలా పీల్చేదానివో ఒకసారి చూపించు. ఉత్తినే, నొక్కకు."

కీర్తన విచిత్రంగా చూసి, పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. రెప్పపాటు. భుజం కదల్లేదు, చప్పుడు రాలేదు. వేరే రోజైతే డేనియల్ శభాష్ అనేవాడు.

"తర్వాత పుక్కిలించేదానివా?"

"లేదు. గోరువెచ్చటి నీళ్లు తాగేదాన్ని. నువ్వే చెప్పావుగా నాన్నా, పాడేవాళ్లు గొంతులో ఏదున్నా వేన్నీళ్లతో మింగెయ్యాలి, కాండ్రించి ఉమ్మితే గొంతు గీరుకుపోద్దని."

అతను సరేనని తల ఊపి లోపలికి పోయాడు. సంగతేమిటో చెప్పకపోవడానికి సిగ్గు ఒక కారణం, భయం రెండోది. గొంతు సంగతి తేలింది గానీ, నిజంగా రొమ్ములోకి దిగితే ఆ మందు ఏం చేస్తుందో ఇంకా తెలియదు కదా. మందిచ్చే రోజుకి ఇంకా ఒక్క వారమే, తన మీద చూసుకున్నాకే చెబుదామనుకున్నాడు. ఆ వారమంతా కీర్తన దగ్గిన ప్రతిసారీ అతను చేస్తున్న పనిలో తప్పు చేశాడు. ఒక పెళ్లివారికి స్పీకర్ల బదులు ఖాళీ పెట్టెలు పంపించాడు.

మందిచ్చే రోజు పొద్దున్నే, వాళ్లు గ్లాసుతో కుంపటి కడిగిన నీళ్లలాంటిది ఒకటిచ్చారు. బొగ్గుపొడి కలిపిన నీళ్లు. తాగిన ప్రతివాడి పళ్లూ నల్లబడ్డాయి. టైలరు నవ్వితే డేనియల్‌కి కూడా నవ్వాగలేదు. తర్వాత రామతులసి ఎదురుగా నిలబడి చూస్తుండగా పంపు నొక్కి నిదానంగా పీల్చాడు, ఆపాడు, వదిలాడు. పంపు పక్కన పెట్టగానే మళ్లీ ఆ బొగ్గునీళ్లే తాగించారు. చేతికి పెట్టిన సూదిలోంచి అప్పుడప్పుడూ వచ్చి కొంచెం కొంచెం రక్తం తీసుకెళ్లారు. అతను ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాడు. గుండె దడదడలాడలేదు, తల తిరగలేదు, గొంతు మారలేదు. ఆకలి మాత్రం వేసింది.

మధ్యాహ్నం రామతులసి అటుగా వచ్చినప్పుడు అడిగాడు. "ఈ బొగ్గెందుకండీ?"

"ఎంత జాగ్రత్తగా పీల్చినా కొంత మందు నోట్లో, గొంతులో పడుద్ది. అది మింగితే పొట్టలోకెళ్లి, అక్కణ్ణుంచి కూడా రక్తంలో కలవచ్చు. బొగ్గు దాన్ని పొట్టలోనే పట్టేసుకుంటది. అప్పుడు రక్తంలో దొరికేది ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందేనని తెలుస్తుంది."

"అంటే ఒక మైకు కట్టేసి రెండోది ఒక్కటే వినటం."

"అంతే!" అని ఆవిడ నవ్వింది.

ఆ నవ్వు చూసి అతనికి ధైర్యం వచ్చింది. కీర్తన సంగతంతా చెప్పేశాడు. పంపు సొరుగులో పడేయడం, ఆటోలో కూలబడటం, తానిక్కడికి ఎందుకొచ్చాడో, అంతా. "నాకేం కాలేదండీ. చూశారుగా. ఇప్పుడు మా అమ్మాయికి ధైర్యంగా ఇవ్వచ్చు కదా?"

రామతులసి నవ్వు పోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీకేం కాకపోటం మీ అమ్మాయికి పూచీ కాదు డేనియల్ గారూ. రేపు మీకేదన్నా అయినా అది ఆ అమ్మాయి లెక్క కాదు. మీ ఊపిరి గొట్టాలు విశాలంగా, శుభ్రంగా ఉన్నాయి. మందు కింద దాకా పోయి రక్తంలో కలిసిపోద్ది. మీ అమ్మాయివి వాచిపోయి ఇరుగ్గా ఉంటాయి. అక్కడ చాలా మందు పైనే, వాపున్న చోటే ఆగుద్ది. రక్తంలోకి మీకంటే తక్కువ పోయినా పోవచ్చు. అసలు ఆ మందుకి పనున్నది ఆ అమ్మాయి రొమ్ములో. మీ దగ్గర దానికి పనే లేదు."

"మరి ఎవరి మీద చూడాలండీ?"

"ఆ అమ్మాయి మీదే. తన డాక్టరు చూసుకుంటారు, అందుకేగా ఆయనున్నది. మీ అమ్మాయి పీల్చాల్సిన గాలి మీరు పీల్చలేరండీ. ఇన్నాళ్లు ఆగటమే తప్పు. ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

డేనియల్ జన్మలో ఎవరికీ తల వంచింది లేదు. ఇప్పుడు వంచాడు, పళ్లింకా నల్లగానే ఉన్నాయి. సూది లేని చేత్తో ఫోన్ తీసి దీవెనకి చేశాడు. "నువ్వన్నది నిజమే. గవర్నర్‌పేట డాక్టరు దగ్గరికి పిల్లని ఇవాళే తీసుకెళ్లు. నా కోసం ఆగొద్దు. బీరువా మీదున్న గొట్టం దింపి అదీ పట్టుకెళ్లు."

మర్నాడు కేంద్రం నుంచి ఇంటికొచ్చాక కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. నీ గొంతు పోవడానికి కారణం మందు కాదు, నేను నేర్పిన ఊపిరి అన్నాడు. ఆ సంగతి తెలిసి కూడా వారం రోజులు దాచానన్నాడు. కీర్తన గోడకేసి చూస్తూ అంది.

"సోలో పోయినప్పుడు నువ్వు మందుని తిట్టావు నాన్నా. నేను నన్ను తిట్టుకున్నా. నాదసలు పాడే గొంతే కాదేమో, మీరంతా మొహమాటానికి మెచ్చుకున్నారేమో అనుకున్నా."

డేనియల్‌కి ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. "కాదమ్మా. నీది బంగారంలాంటి గొంతు. చెప్పిన పాఠం పూర్తిగా విన్నావు, అదే నీ తప్పు."

కోపం పోవడానికి ఆ పిల్లకి రెండు రోజులు పట్టింది. న్యాయమైన కోపం కాబట్టి దీవెన మధ్యలోకి రాలేదు.

కొత్త ఊపిరి అంత తేలిగ్గా రాలేదు. గొట్టం తగిలించి పంపు నొక్కగానే ఒంట్లో నాటుకుపోయిన దొంగతనం బయటికొచ్చేది. గాలి ఒక్క గుటకలో లోపలికి పోయేది. అప్పుడు డేనియల్ ఎదురుగా నిలబడి, క్వయర్‌కి చెయ్యి ఊపినట్టే ఊపడం మొదలుపెట్టాడు. ఈసారి వేళ్లు కిందనుంచి పైకి, నెమ్మదిగా, ఒక పొడుగాటి స్వరం లాగినట్టు లేచేవి. "పాడకు. పాటని లోపలికి పీల్చు. ఇంకా ఉంది, ఇంకా ఉంది... ఇప్పుడాపు. నా చెయ్యి దిగేదాకా వదలొద్దు." పుక్కిలించి ఉమ్మేటప్పుడు కూడా పక్కనే నిలబడేవాడు. "బాగా గట్టిగా ఉమ్ము" అనేవాడు, ఇన్నేళ్లూ ఉమ్మవద్దని చెప్పిన మనిషి. కీర్తనకి నవ్వొచ్చేది. గవర్నర్‌పేట డాక్టరు రెండోసారి పరీక్షించి ఫర్వాలేదు, కానివ్వండి అన్నాడు. ఒక్కరోజు కూడా మానవద్దని మాత్రం గట్టిగా చెప్పాడు.

మార్చి వచ్చింది. చుట్టూ పొలాల్లో మినుము నూర్పిళ్లు. ఆ దుమ్ము ఊరి మీదకి సన్నటి పొరలా దిగి షాపులో స్పీకర్ల మీద కూడా పేరుకుంది. ఏటా ఈ రోజుల్లో పడుకుంటే ఊపిరాడక కీర్తన కూర్చునే నిద్రపోయేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భోంచేసి ఆ పిల్ల వెనకగదిలో పడుకుంది. డేనియల్ షాపులో ఏంప్లిఫయరు విప్పుకుని కూర్చున్నాడు. కాసేపటికి అతనికి ఏదో తేడాగా తోచింది. ఏదో ఆగిపోయినట్టుంది. కరెంటు పోయిందేమోనని చూశాడు, లైటు వెలుగుతోంది. ఏంప్లిఫయరు హమ్మింగు పోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు, అది సన్నగా మోగుతూనే ఉంది. అప్పుడు తట్టింది. వెనకగదిలోంచి రోజూ వినిపించే కూత లేదు, అసలు ఏ చప్పుడూ రావడం లేదు.

చేతిలోది అక్కడే పారేసి పరిగెత్తాడు. అంట్లు సర్దుతున్న దీవెన అతని ముఖం చూసి, గిన్నె వదిలేసి వెంట పరిగెత్తింది. కీర్తన వెల్లకిలా పడుకుని ఉంది. నోరు మూసుకునే ఉంది. రొమ్ము మీది చున్నీ మెల్లగా లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది. డేనియల్ వంగి ఆ పిల్ల ముఖం దగ్గర చెవి పెట్టాడు. అప్పటికీ ఏమీ వినిపించలేదు. వెచ్చటి గాలి మాత్రం చెవికి తగిలింది.

"ఏవైందండీ?" అంది దీవెన గుసగుసగా.

డేనియల్ మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏం వినపట్టంలేదే" అన్నాడు. "దీవెనా, ఏం వినపట్టంలేదు."